ఐదు వత్తులు, తొమ్మిది పడవలు

పెద్దమడుగు మీది గాలికి ఒక దురలవాటు ఉంది. అది ఎవరి అపాయింట్‌మెంటూ తీసుకోదు. పొద్దున పదిన్నర దాకా ఎక్కడో పడి నిద్రపోతుంది. పదకొండు దాటాక గుండ్లగుట్ట భుజం మీదుగా లేచి వచ్చి జలాశయం మీద విడతలు విడతలుగా పడుతుంది. ఒక విసురు, కాసింత ఊపిరి, మళ్లీ ఇంకో విసురు. సాయంత్రం నాలుగు దాటితే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతుంది. ఈ సంగతి ఆ నీళ్లలో వలలు వేసుకు బతికే తోట్ల పోశయ్యకు తెలుసు, ఆయన మనవరాలు రవళికి తెలుసు, గట్టు మీద మేసే మేకలకు కూడా తెలుసు. తెలియనిది ఒక్క జల క్రీడా ప్రోత్సాహక మండలికే. ఆ మండలికి జలం గురించీ క్రీడ గురించీ తెలియకపోయినా జనం సర్దుకుపోయేవారు. ప్రోత్సాహం గురించి కూడా తెలియకపోవడమే పెద్ద చిక్కు.

ఆ ఆదివారం పెద్దమడుగులో రెక్కల పడవల పందెం. రెక్కల పడవంటే ఒక్క మనిషి నడిపే చిన్న తెరచాప పడవ. బియ్యం బస్తా కంటే తేలిక. అడుగున రెండు పలకలు నిలువుగా నీళ్లలోకి దిగి ఉంటాయి, వాటి చివర రెండు రెక్కలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. చాప గాలి పట్టి పడవ వేగం అందుకుందంటే ఆ రెక్కలు పడవను నీళ్లలోంచి పైకి లేపేస్తాయి. అప్పుడిక పడవ నీటిని తాకకుండా మోకాలెత్తున పరుగెడుతుంది. చూసేవాళ్లకు ముచ్చటే. నడిపేవాళ్లకు మాత్రం ప్రాణం అరచేతిలో. విసురు వచ్చిన క్షణాన తాడు వదిలి ఒళ్లు బయటికి వాల్చకపోతే పడవ ముక్కు నీళ్లలో గుచ్చుకుని, మనిషి గుండ్రాయిలా వెళ్లి అవతల పడతాడు.

జాతీయ శిక్షణ శిబిరానికి మనిషిని ఎంపిక చేయాలంటే ఐదు పందేలు పూర్తి కావాలి. నాలుగు అయ్యాయి. నాలుగింటిలోనూ కలిపి రవళే ముందుంది. ఐదోది ఈ ఆదివారం సాయంత్రం ఐదున్నరలోగా ముగియాలి. ముగియకపోతే నాలుగూ చెల్లవు, ఎంపికే లేదు. మళ్లీ ఏడాది చూసుకుందామంటే కుదరదు. ఇరవై ఏళ్లలోపు వాళ్లకే ఆ శిబిరం, వచ్చే నెల పదకొండున రవళికి ఇరవై నిండుతాయి. అందుకే ఆ పిల్ల ముందు రోజంతా అన్నం సరిగా తినలేదు. గాలి వస్తుందో రాదోనని భయపడింది. పాపం, భయపడవలసిన వస్తువు అది కాదని అప్పటికి తెలియదు.

ఆ వస్తువు పేరు జ్యోతి ప్రజ్వలన మార్గదర్శకాలు.

దానికో కథ ఉంది. రెండేళ్ల కిందట ఏదో చదరంగం పోటీలో ముఖ్య అతిథి దీపం వెలిగించి చేయి తీయగానే నెత్తి మీది పంకా గాలికి అది పోయింది. వారం తిరక్కుండా ఆయన పదవీ పోయింది. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. కానీ మండలి అత్యవసరంగా సమావేశమై మూడు నిబంధనలు రాసింది. ఒకటి, పోటీ జరిగే చోటనే, క్రీడాకారుల కళ్లెదుటనే, ఐదు వత్తుల ఇత్తడి కుందిలో జ్యోతి వెలిగించాలి. రెండు, ఐదు వత్తులూ ఒకేసారి వెలుగుతూ ఉంటేనే పోటీ ప్రారంభమైనట్టు. మూడు, పోటీ ముగిసేలోపు జ్యోతి ఆరినచో ఆ క్షణం నుంచి పోటీ నిలిచిపోయినట్టు. మళ్లీ వెలిగించి మళ్లీ మొదటి నుంచి జరపాలి. దీని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: జ్యోతి ఆరినదని సంతకం చేసి ధ్రువీకరించు అధికారి ఆ సమయమున అక్కడనే ఉన్నట్లు తేలును కనుక, ఆరుటకు సదరు అధికారియే బాధ్యుడగును.

ఈ కాగితాన్ని క్రీడాకారులందరికీ ఇచ్చి, చదివి అర్థం చేసుకున్నట్టు మూడేసి ప్రతుల మీద సంతకాలు పెట్టించారు. తొమ్మిది మందిలో చదివింది రవళి ఒక్కతే. పొద్దున ఎనిమిది నుంచి ఒంటికి అతుక్కున్న రబ్బరు బట్టల్లో ఒడ్డున కూర్చుని ఉంది. ముఖ్య అతిథి వచ్చేదాకా వేరే పనేమీ లేదు, చదవక ఏం చేస్తుంది?

తొమ్మిదిన్నరకు రావలసిన ముఖ్య అతిథి పదకొండూ నలభైకి వచ్చారు. తొమ్మిదిన్నరకు పెద్దమడుగు అద్దంలా ఉండింది. అగ్గిపుల్ల గీసి తాపీగా ఊరంతా తిరిగి వచ్చినా ఆరేది కాదు. పదకొండూ నలభైకి గుండ్లగుట్ట మీదుగా మొదటి విసురు దిగింది, వేదిక మీది పూలదండలు అడ్డంగా లేచాయి.

మండలి సభ్య కార్యదర్శి విశ్వపతి గారు కొవ్వొత్తి వెలిగించి రెండు చేతులూ అడ్డం పెట్టి ముఖ్య అతిథికి అందించారు. విశ్వపతి గారు మాట్లాడితే జీవో చదివినట్టుంటుంది. ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా సదరు గ్లాసును తగు చర్య నిమిత్తం పంపమంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. ముఖ్య అతిథి కొవ్వొత్తిని వత్తి దగ్గరికి తీసుకెళ్లేలోపే అది పోయింది. ఇంకోటి వెలిగించారు, అదీ పోయింది. కర్పూరం పెడితే మూడో వత్తి అంటుకునేటప్పటికి మొదటి రెండూ పోయాయి.

"ఆరిపోయింది మేడం," అన్నాడు పక్కనే నిలబడ్డ కానిస్టేబులు.

సూపరింటెండెంటు హైమావతి గారు గబుక్కున చెవులు మూసుకున్నారు. కార్యక్రమం రిజిస్టరు రాసేది ఆవిడే. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క కొట్టివేత లేని మనిషి.

"అపచారం, అపచారం! దీపాన్ని పట్టుకుని ఆ మాట అంటారా ఎవరైనా? మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా?" అని ఆ కానిస్టేబులును నలుగురిలో కడిగేసి, రిజిస్టరులో 'మొదటి యత్నం సఫలం కాలేదు' అని గుండ్రంగా రాసుకున్నారు.

పందెం నడిపించే అధికారి ఆల్బర్ట్ సార్. విశాఖపట్నంలో నేవీ ఉద్యోగం చేసి రిటైరై, పెద్దమడుగు పిల్లలకు పడవ నేర్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రవళికి తన పాత పడవ ఇచ్చింది ఆయనే. వేదిక దగ్గరికి వచ్చి, "గాలుంది, పడవలున్నాయి, పిల్లలున్నారు. ఇంకేటి కావాలి సార్? మేము నీళ్లలోకెళ్లిపోతాం, మీరు తీరిగ్గా ఎలిగించుకోండి," అన్నాడు.

"ఆల్బర్ట్ గారూ, ప్రారంభం కాని పోటీలో పాల్గొనడం అనధికార విహారం కిందకు వస్తుంది. మండలి వైఖరి ఈ విషయంలో సుస్పష్టం," అన్నారు విశ్వపతి గారు.

"గాలి నాలుగింటికెళ్లిపోద్ది సార్."

"గాలి వెళ్లిపోయాకనే కదా జ్యోతి వెలుగుతుంది. మీరు సమస్యను పరిష్కారంగా, పరిష్కారాన్ని సమస్యగా చూస్తున్నారు."

తెరచాప పందేనికి గాలి లేకపోవడం పరిష్కారమని చెప్పగలిగిన మనిషిని ఆల్బర్ట్ సార్ ఏడు సముద్రాల్లోనూ చూడలేదు. వెళ్లి తన మోటారు పడవలో కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడు గంటలు పెద్దమడుగు గట్టు మీద జరిగింది రవళి జన్మలో మరచిపోదు. ముందు గొడుగులు తెచ్చారు. ఆరు గొడుగులు తిరగబడి తామరపూలయ్యాయి. తర్వాత షామియానా వాడి దగ్గర నీలం టార్పాలిన్ తీసుకుని నలుగురు కానిస్టేబుళ్లు నాలుగు మూలలా పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడ్డారు. గుట్ట మీంచి పెద్ద విసురొకటి దిగింది. టార్పాలిన్ బుర్రున పొంగి, నలుగురినీ బరబర ఈడ్చుకుంటూ నీళ్ల దాకా తీసుకుపోయింది. అందులో సన్నటివాడు ఒకడు జానెడెత్తు లేచాడు కూడా.

"వదులుండ్రన్నా! కొసలు వదులుండ్రి!" అని రవళి అరవకపోతే వాళ్లు జలాశయంలో ఉండేవాళ్లు.

ఆ రోజు పెద్దమడుగులో గాలిని సరిగా వాడుకున్నది అప్పటికి ఆ టార్పాలిన్ ఒక్కటే. రవళికి నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. కళ్ల ముందు నీళ్ల మీద నల్లటి మచ్చలు పరుగెడుతున్నాయి. నీళ్లు ఎక్కడ నల్లబడితే అక్కడ విసురు దిగినట్టని తాత చిన్నప్పుడే నేర్పాడు. ఒక్కో మచ్చా ఒక్కో పరుగు. అన్నీ ఊరికే పోతున్నాయి.

రెండింటికి మత్స్య శాఖ స్టాలులోంచి అద్దాల తొట్టి వచ్చింది. అందులోని చేపపిల్లల్ని బక్కెట్లో పోసి, తొట్టిని తుడిచి సిద్ధం చేశారు. మనుషులంతా చుట్టూ మూగి ఎలాగో ఐదు వత్తులూ వెలిగించి, చటుక్కున తొట్టిని కుంది మీద బోర్లించారు. అద్దాల్లోంచి ఐదు మంటలూ నిటారుగా కనిపించాయి. చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి ఫొటోకు నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు కెమెరా సరిచేసుకునేలోపు మంటలు పొట్టివై, నీలమై, ఒకటొకటే పోయాయి.

విశ్వపతి గారు తొట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "లోపలికి గాలి చొరబడే అవకాశం లేదే!"

"అందుకే పోయింది సార్," అంది రవళి. "మంటకు గూడ గాలి గావాలె. ఏడో తరగతిల ఉంటది."

"చూడమ్మా, గాలి ఉన్నప్పుడు గాలి వల్ల పోయిందన్నారు. గాలి లేనప్పుడు గాలి లేనందువల్ల పోయిందంటున్నారు. క్రీడాకారులు ముందు ఒక అభిప్రాయానికి రావాలి."

అప్పుడు పోశయ్య వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చేతిలో మసి పట్టిన లాంతరు. ఇంటికి పోయి, వత్తి కత్తిరించి, చిమ్నీ తుడిచి, నూనె పోసి, వెలిగించి మరీ తెచ్చాడు. గట్టు మీద గాలికి ఆయన పంచె పటపటలాడుతోంది గానీ లాంతరులో మంట రెప్ప కొట్టలేదు.

"సార్, జెర ఇది సూడుండ్రి. నలభై ఏండ్ల సంది తెప్ప మీద పెట్టుకొని తిరుగుతున్న. ఎంత గాలొచ్చినా దీనికేం గాదు. దీన్నే దీపమనుకొని పిల్లల్ని పోనియ్యిండ్రి సార్, దండం పెడ్త."

విశ్వపతి గారు లాంతరును ఆ పక్కా ఈ పక్కా పరిశీలించారు. "పెద్దాయనా, లాంతరును ముట్టిస్తారు. జ్యోతిని ప్రజ్వలింపజేస్తారు. ముట్టించడం ప్రజ్వలన కిందకు రాదు. అదీగాక వత్తి ఒక్కటే ఉంది. మిగతా నాలుగు వత్తుల పరిస్థితి ఏమిటి?"

"ఇంకో నాలుగు లాంతర్లు తెమ్మంటె తెస్త సార్."

"ఇత్తడివేనా?"

పోశయ్య లాంతరు కిందికి దించాడు. నీళ్లకు భయపడని ఆ ముసలాయన ముఖం చిన్నబోవడం చూసి రవళి ఒళ్లు మండిపోయింది. లేచి ఏదో అనబోయింది. తాత చేయి పట్టుకుని ఆపాడు. "ఊకో బిడ్డా. నీకు గాల్తోని పని, వీళ్లతోని గాదు."

మూడూ ఇరవైకి గానీ మార్గం దొరకలేదు. మూడు జీపులు గాలికి అడ్డంగా నిలబెట్టారు. జీపుల సందుల్లో ఫ్లెక్సీలు కట్టారు. వాటి లోపల పద్దెనిమిది మంది కానిస్టేబుళ్లు భుజం భుజం ఆనించి గుండ్రంగా నిలబడ్డారు. ముఖాలు దీపం వైపు, వీపులు బయటి వైపు. "పోటీ ముగిసేవరకు ఎవరూ కదలరాదు, తల తిప్పరాదు," అని విశ్వపతి గారి ఆజ్ఞ. జ్యోతికి ఏదైనా అయితే సూచనగా అంబులెన్సు సైరను మోగించాలని కూడా ఏర్పాటు. గాలి ఊపిరి పీల్చుకున్న ఒక్క క్షణాన ఐదు వత్తులూ అంటుకున్నాయి. ముఖ్య అతిథి చేయి వెలుగు మీద ఉండగానే ఫొటో పడింది. ఆల్బర్ట్ సార్ మోటారు పడవలోంచి హారను కూత కూసింది.

తొమ్మిది పడవలు నీళ్లలోకి దూకాయి.

రవళి మొదటి విసురు కోసం ఆగింది. కుడివైపు రెండు వందల గజాల దూరంలో నీళ్లు నల్లబడ్డాయి. అది దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టి, రాగానే తాడు లాగి ఒళ్లు వెనక్కి వాల్చింది. పడవ ఒకసారి దడదడలాడింది. మరుక్షణం ఆ దడదడంతా ఆగిపోయింది. నీళ్ల చప్పుడు లేదు, అలల కుదుపు లేదు, రెక్క కోస్తున్న సన్నటి ఈల మాత్రమే ఉంది. పొద్దుటి నుంచి గుండెలో పేరుకున్నదంతా ఆ ఒక్క ఈలతో దిగిపోయింది.

పెద్దమడుగు గాలి తిన్నగా వీచే రకం కాదు. గుట్ట పక్కన తిరిగే చోట ఎదురు నుంచి వస్తుంది, తూము దగ్గర ఉన్నట్టుండి చచ్చిపోతుంది, అక్కడి నుంచి పది గజాలు పోయామో లేదో మెడ మీద చరుస్తుంది. నగరం నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు అందరికంటే ముందుగా తూము దాటి, ఆ చరుపు తిని, ముక్కు గుచ్చుకుని పల్టీ కొట్టాడు. వెనక ఇద్దరు వాడిని తప్పించబోయి వాళ్లూ పడ్డారు. రవళి తూముకు దగ్గరగా పోకుండా దూరం నుంచి తిరిగింది. తాత తెప్ప ఎప్పుడూ అటు నుంచే తిరిగేది. చరుపు వచ్చింది. తాడు జానెడు వదిలింది, ఒళ్లు నీటికి సమంగా వాల్చింది, పడవ తొణకలేదు. రెండోది, ఆఖరిది అయిన చుట్టు సగం అయ్యేసరికి ఆమె ముందు ఎవరూ లేరు.

గట్టు మీద జనం గోల మొదలైంది. ఆడవాళ్లు ఈలలు వేస్తున్నారు. "అరే, మన పోశన్న మనుమరాలురో! నీళ్ల మీన్నే లేదురో!" అని ఎవడో జీపెక్కి అరిచాడు.

పద్దెనిమిది మంది కానిస్టేబుళ్లు పద్దెనిమిది నిమిషాలు ఆ గోలంతా వీపులతో విన్నారు. మనుషులు కదా. ముందు ఒకడు మెడ తిప్పాడు. వాడు నోరు తెరిచాడు. వాడి ముఖం చూసి పక్కవాడు తిరిగాడు. ఇందాక టార్పాలిన్‌తో జానెడు లేచిన సన్నటివాడైతే, "అవునురో, మేం గూడ గట్లనే లేసినం!" అంటూ వరస వదిలి గట్టు అంచుకే పరుగెత్తాడు. దడి విప్పినట్టు మనుషుల మధ్య సందులు పడ్డాయి. గుట్ట మీంచి ఆ రోజుకల్లా గట్టి విసురు దిగింది. అది ముందు ఫ్లెక్సీని చించి, సందుల్లోంచి దూరి ఐదు వత్తుల్నీ ఒక్క ఊదుకు ఊదేసి, అటు నుంచి అటే జలాశయం మీదకు పోయి రవళి చాపలో నిండింది.

ముగింపు గీతకు ఇంకా వంద గజాలు ఉండగా సైరను మోగింది. ఎవరికో దెబ్బ తగిలిందనుకుని రవళి ఒక్క క్షణం వెనక్కి చూసింది. నీళ్లలో పడ్డవాళ్లంతా పడవలు పట్టుకుని బాగానే ఉన్నారు. ఆమె తాడు వదల్లేదు. గీత దాటింది. ఆల్బర్ట్ సార్ హారను గట్టిగా, మామూలుకంటే పొడుగ్గా కూసింది.

ఒడ్డుకు రాగానే విశ్వపతి గారు ఎదురొచ్చారు. "చాలా విచారకరం అమ్మా. మూడూ యాభై ఏడుకు జ్యోతి విషయంలో అంతరాయం ఏర్పడింది. మీరు గీత దాటింది మూడూ యాభై ఏడూ పదకొండు సెకన్లకు. నిబంధన మూడు ప్రకారం అప్పటికి పోటీయే లేదు. లేని పోటీలో మీరు గెలిచారు. మండలి అభినందిస్తోంది."

"అంటె మళ్ల పోవాల్నా?"

"జ్యోతి వెలగగానే."

నాలుగూ పదికి గాలి వెళ్లిపోయింది. నాలుగూ ఇరవైకి ముఖ్య అతిథి ఒకే అగ్గిపుల్లతో ఐదు వత్తులూ వెలిగించారు. జీపులు అక్కర్లేదు, మనుషులు అక్కర్లేదు. మంటలు బొమ్మలో గీసినట్టు నిలబడ్డాయి. ఇంత నిశ్చలమైన జ్యోతిని తన ప్రజాజీవితంలో చూడలేదనీ, ఇది మండలి క్రమశిక్షణకు నిదర్శనమనీ, క్రీడలంటే ఇలా ఉండాలనీ ముఖ్య అతిథి ఇరవై నిమిషాలు మాట్లాడి కారెక్కారు.

తొమ్మిది పడవలూ గీత దగ్గర నిలబడ్డాయి. కూత కూసింది. నిలబడే ఉన్నాయి. చాపలు ఆరేసిన చీరల్లా వేలాడాయి. తెడ్డు వేయకూడదు, చేత్తో నీళ్లు తోయకూడదు, అది పందెం నియమం. నగరం కుర్రాడు పడవలోనే పడుకున్నాడు. రవళి మాత్రం తాడు పట్టుకునే కూర్చుంది. నీళ్లు ఎక్కడైనా నల్లబడతాయేమోనని గుట్ట వైపు చూస్తూనే ఉంది. ఒడ్డున దీపం వెలుగుతూ ఉంది. దాని నీడ నీళ్లలో కూడా కదల్లేదు. ఆ దీపాన్ని చూసి జన్మలో ఎప్పుడూ లేనంత అసహ్యం వేసింది రవళికి. దీపం మీద అసహ్యం పుట్టించడం మాటలు కాదు. దానికి ఒక మండలే కావాలి.

ఐదున్నరైంది. ఆల్బర్ట్ సార్ హారను మూడుసార్లు మోగించి టోపీ తీసేశాడు.

ఒడ్డుకు వచ్చి పడవ కట్టేసి రవళి తిన్నగా హైమావతి గారి బల్ల దగ్గరికి పోయింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వెనకే తాత, ఆల్బర్ట్ సార్. విశ్వపతి గారు అప్పటికే 'పోటీ అసంపూర్తి' అని తీర్మానం చెప్పి రాయిస్తున్నారు.

"మేడం, ఇప్పుడే ఏం రాయకుండ్రి. మూడూ యాభై ఏడుకు ఏమైందో ఒక్కసారి మీ బుక్కుల సదువుండ్రి," అంది రవళి.

హైమావతి గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "సాయంత్రం మూడూ యాభై ఏడు గంటలకు జ్యోతి కొండెక్కినది."

రవళి తడి చేతుల్తో బట్టల్లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పొద్దున ఇచ్చిన కాగితం, మడత పెట్టినది. "ఇండ్ల మూడో నిబంధన. జ్యోతి ఆరినచో పోటీ నిలిచిపోవును అని ఉన్నది. కొండెక్కినచో అని లేదు. ఆరినట్టు మీ బుక్కుల ఏడున్నది?"

విశ్వపతి గారు రిజిస్టరు తన వైపు తిప్పుకుని ఆ పంక్తి మళ్లీ చదివారు. పక్కన దీపం వెలుగుతూనే ఉంది.

"కొండెక్కుట అనగా ఆరుటయే," అన్నారు విశ్వపతి గారు. "అది మర్యాదగా చెప్పే పద్ధతి. పసిపిల్లలకు కూడా తెలుసు."

"అయితె గదే రాసియ్యుండ్రి సార్. జ్యోతి ఆరింది అని. కింద సంతకం పెట్టుండ్రి."

విశ్వపతి గారు పెన్ను తీశారు. రవళి కాగితం తిప్పి, కింద ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. విశ్వపతి గారు చదివారు. ఆ వాక్యం ఆయనే రాసింది. పెన్ను మళ్లీ మూసి, హైమావతి గారి ముందు పెట్టారు. "రిజిస్టరులో తగు సవరణ చేయవలసిందిగా సూచన."

"నావల్ల కాదండీ," అన్నారు హైమావతి గారు. "మెమో ఇవ్వండి, బదిలీ చేయండి. వెలిగిన దీపాన్ని ఆ మాట అని ఎరగను. మా నాయనమ్మ వింటే పీక నులుముతుంది."

"మీ నాయనమ్మ గారు ఇప్పుడు..."

"కొండెక్కలేదు లెండి, ఇంట్లోనే ఉంది."

విశ్వపతి గారు హెడ్ కానిస్టేబులు వైపు తిరిగారు. జ్యోతి ఆరినప్పుడు ఎదురుగా ఉన్నది నీవే కదా అన్నారు. "నేను సూడలే సార్," అన్నాడు హెడ్డు చేతులు కట్టుకుని. "ఆ టైముల నేను పడవ దిక్కు సూస్తున్న." తల తిప్పరాదన్న ఆజ్ఞ సంగతి అడిగేలోపే, పద్దెనిమిది మందీ తలలు తిప్పేశామని పద్దెనిమిది గొంతులు ఒప్పుకున్నాయి. దీపం ఆరడం చూశానన్నవాడు ఒక్కడూ లేడు.

చివరి ఆశగా విశ్వపతి గారు ముఖ్య అతిథికి ఫోను చేశారు. సైరను మోగినప్పుడు వేదిక మీద ఉన్నది ఆయనే. స్పీకరు పొరపాటున నొక్కుకుపోయింది కాబట్టి సమాధానం అందరూ విన్నారు.

"ఆరడమేందయ్యా? నేను ముట్టిచ్చిన దీపం ఆరిందా? ఆరిందని ఎవడన్నడు? వాని పేరు చెప్పు!"

విశ్వపతి గారు పేరు చెప్పలేదు. ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు జలాశయం వైపు చూశారు. ఆయన జలాశయం వైపు చూడటం ఆ రోజు అదే మొదటిసారి. తర్వాత గొంతు సవరించుకుని, 'అసంపూర్తి' అన్న మాట కొట్టేయమని చెప్పి, కొత్త తీర్మానం రాయించారు: "మూడూ యాభై ఏడు గంటలకు జ్యోతి కొండెక్కినప్పటికీ ఆరనందున, ముందు జరిగిన పోటీ సంపూర్ణమైనదిగా భావించడమైనది. ప్రథమ స్థానము, తోట్ల రవళి."

"జ్యోతి కొండెక్కినప్పటికీ ఆరనందున," అని ఆల్బర్ట్ సార్ రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. "ఇంత మంచి తెలుగు నేను నేవీలో ఇనలేదు," అని పిల్ల తల నిమిరాడు. రవళి అప్పుడు ఏడ్చింది, తాత భుజం మీద తల పెట్టి, పొద్దుటి నుంచి ఏడవాల్సినదంతా.

పోయేముందు హైమావతి గారి దగ్గర ఆగి, "మేడం, నిజం చెప్పుండ్రి. ఆరింది గదా?" అంది.

హైమావతి గారు రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకున్నారు. "ఆ మాట నా నోట రాదు తల్లీ. నువ్వు క్షేమంగా వెళ్లిరా."

రవళి శిబిరానికి వెళ్లిన మూడో వారంలో సవరించిన మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఆల్బర్ట్ సార్ ఫోటో తీసి పంపితే ఆ పిల్ల సముద్రం ఒడ్డున కూర్చుని ఫోన్లో తాతకు చదివి వినిపించింది. ఇకమీదట జ్యోతి ఆరినను, కొండెక్కినను, ఘనమైనను, శాంతించినను, మరి ఏ ఇతర పదము చేతనైనను వెలుగుట మానినను పోటీ నిలిచిపోవును. కానిస్టేబుళ్ల కళ్లకు గంతలు కట్టవలెను. వచ్చే ఏటి పందేలకు అనువుగా, గాలి తగలని జలాశయం ఎక్కడ ఉన్నదీ గుర్తించుటకు ఒక ఉపసంఘం.

పోశయ్య అంతా ఓపికగా విన్నాడు. "మరి గాలి గురించి ఏమన్న రాసిండ్రా బిడ్డా?"

"గాలికి ఏం నిబంధన పెట్టలే తాతా. ఉట్టిగ పేరు రాసి ఇడ్సిపెట్టిండ్రు."

"మంచిదే," అన్నాడు ముసలాయన. "నిబంధన పెడితె రేపటిసంది గాలి గూడ మూడు కాయితాల మీద సంతకం పెట్టి, ముఖ్య అతిథి వచ్చేదాంక ఒడ్డున కూసుంటది."